అరువు గొంతుతో ఖరగ్‌పూర్‌కి

ఖరగ్‌పూర్ వెళ్ళొచ్చానని చెప్పగానే మా స్కూల్లో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. "ఆ ప్లాట్‌ఫారం నిజంగా అంత పొడుగుంటుందా?" ఉంటుంది. దానివల్ల నేను పడ్డ తిప్పలు ముందు ముందు చెప్తాను. నేను వెళ్ళింది మాత్రం ప్లాట్‌ఫారం చూడ్డానికి కాదు. అక్కడి ఫిలిం సొసైటీ వాళ్ళు చలికాలంలో సినిమా పండుగ చేస్తారు. అందులో కొత్త నటులకని ఒక భాగం. ఒకటీ అరా సినిమాల్లో మాత్రమే నటించిన వాళ్ళను భాషకొకరు చొప్పున నలుగురిని పిలుస్తారు. పగలు ఒక అనుభవజ్ఞురాలి దగ్గర పాఠాలు, సాయంత్రం వాళ్ళ సినిమాలు. ఈసారి ఆ నలుగురిలో నేనొకదాన్ని.

పేరు పార్వతి. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. నాటకాల్లో వేషాలు వేస్తుంటే చూసి, మూర్తి అనే కుర్ర దర్శకుడు తన మొదటి సినిమాలో నన్ను నరసమ్మను చేశాడు. నరసమ్మ ఉప్పుమడుల్లో పనిచేస్తుంది. మొగుడు కలకత్తా జూట్ మిల్లులో ఉంటాడు. నౌపడా దగ్గర ఎండలో ఒళ్ళంతా ఉప్పుకి పేలిపోయేలా షూటింగు చేశాం. మా వైపు మనిషి కథ కనుక మా వైపు మాటే మాట్లాడాను. తీరా సినిమా మద్రాసు చేరాక డబ్బు పెట్టిన పెద్దమనిషి విని, "ఈ యాస నాలుగు ఊళ్ళు దాటితే ఎవరికీ అర్థం కాదు" అని వేరే ఆవిడ చేత నాకు మాట చెప్పించాడు. హాల్లో మొదటిసారి చూసినప్పుడు తెర మీద నోరు తెరిచింది నేను, మాట్లాడింది ఎవరో. పక్క సీట్లో మా ఆయన నా వైపు వంగి, "అప్పుడు నీకు జలుబేమైనా చేసిందా?" అని అడిగాడు.

ఆ సినిమానే ఖరగ్‌పూర్ వాళ్ళు పిలిచారు. దర్శకుడికి వేరే షూటింగు ఉండి రాలేదు. అలా మొదటిసారి ఒంటరిగా రైలెక్కాను.

హౌరా మెయిలు

నా ఎదురు బెర్తుల్లో వాల్తేరు సముద్రం చూసి తిరిగి వెళ్తున్న ఒక బెంగాలీ కుటుంబం. మనకు పంకా వేసుకునేంత చలి అది. వాళ్ళు మాత్రం తల నుంచి మెడ దాకా ఉన్ని టోపీలు లాగేసుకుని కళ్ళు మాత్రం కనపడేట్టు కూర్చున్నారు. పలాసలో జీడిపప్పు కొని నేనో గుప్పెడు ఇచ్చాను. వాళ్ళు డబ్బా తెరిచి నాకు తలో సందేశ్ మిఠాయి పెట్టారు. పెద్దాయన ఏం చేస్తుంటారని అడిగాడు. "టీచర్" అని ఊరుకోవాల్సింది. "సినిమాలో వేశాను" అని కూడా అన్నాను.

అంతే, టోపీలన్నీ పైకి లేచాయి. "ఒక డైలాగ్ చెప్పండి" అన్నాడాయన. భార్య కూడా బతిమాలింది. నేను గొంతు సవరించుకుని, మద్రాసు ఆవిడ చెప్పినట్టే చెప్పాను. "ఉప్పంతా వానకు కరిగిపోయింది. నీకేం, మళ్ళీ రైలెక్కి వెళ్ళిపోతావు. నేను మాత్రం ఈ మడిలోనే నిలబడాలి."

"చాలా బాగుంది," అందావిడ హిందీలో. "అచ్చం రేడియోలాగా."

మెచ్చుకుంది గదా అని నవ్వాను. కటక్ దాటేదాకా ఆ రేడియో మాట చెవిలోంచి పోలేదు.

ఆ చివరా, ఈ చివరా

నాకు బస ఇచ్చింది ఎస్తేరమ్మ గారు. రైల్వే ఆసుపత్రిలో నర్సు. భర్త రత్నం గారు గూడ్సు బండికి గార్డు, ఎప్పుడూ లైను మీదే. ఆవిడ నన్ను తీసుకెళ్ళడానికి స్టేషనుకు వచ్చింది. నా పెట్టె ఆగిన చివర నేను దిగి నిలబడ్డాను. ఇంజను ఆగిన చివర ఆవిడ నిలబడింది. మధ్యలో ఒక పేట పట్టేంత ప్లాట్‌ఫారం. నేను అటు నడిచేసరికి ఆవిడ ఎదురు ప్లాట్‌ఫారం మీదుగా ఇటు వచ్చిందట. మళ్ళీ నేను ఇటు. చివరికి మట్టి ముంతలో టీ తాగి, ఆ ముంతను అందరిలాగే పట్టాల మీదికి విసరబోయి మనసొప్పక సంచీలో వేసుకుని, బయటికొచ్చి రిక్షా ఎక్కాను.

ఎస్తేరమ్మ గారి ఇల్లున్న పేట పేరు ఖరిదా. నేను రిక్షా అతనితో "ఖరిదా, ఖరిదా" అన్నాను. హిందీలో ఖరీదా అంటే కొన్నాను అని అర్థం గదా. పక్కనున్న బిహారీ పోర్టరు నా చేతిలో పాత సంచీ ఒక్కటే ఉండడం చూసి "ఏం కొన్నారు తల్లీ?" అని అడిగాడు. రిక్షా అతను నవ్వాపుకుని పోనిచ్చాడు.

ఇంటి అరుగు మీద నేను కూర్చుని ఉండగా ఆవిడ ఆయాసపడుతూ వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఓలమ్మ! నువ్వేనేటి సినిమా గుంటవి? నానక్కడ ఎర్ర సీర కట్టుకుని కళ్ళద్దాలెట్టుకున్నదాని కోసం ఎతుకుతన్నాను. దా, లోపలికి దా, మొకం కడుక్కో," అంది.

మా వైపు పిల్లను గుంట అనే అంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత దూరం వచ్చి మా అత్త మాట వింటాననుకోలేదు. "మీదే ఊరండి?" అన్నాను.

"మా తాత బొబ్బిలికాడ నుంచి రైలు పనికొచ్చినాడంట. నానెప్పుడూ సూడనేదు. ఇక్కడే పుట్నాను, ఇక్కడే పెళ్ళి, ఇక్కడే సాకిరీ," అంటూ స్టవ్ వెలిగించి, అదే ఊపిరిలో కిటికీలోంచి పక్కింటావిడతో బెంగాలీలో దెబ్బలాటలాంటిదేదో మొదలుపెట్టింది. దెబ్బలాట కాదట. ఉప్మాలోకి కరివేపాకు అడిగిందట.

నీలిమా దీదీ పాఠం

పాఠాలు ఒక రైల్వే ఇన్‌స్టిట్యూటు హాల్లో. చెక్క నేల, ఎత్తు కిటికీలు, గోడకు ఆనించిన బిలియర్డ్స్ కర్రలు. మా పాఠాలావిడ పేరు నీలిమ. ఒకప్పుడు నాటకాల్లో పేరున్న నటి, ఇప్పుడు తనే ఒక సినిమా తీయబోతోంది. ఆ సినిమాలో పడవవాడి భార్య వేషానికి మాలో ఒకరిని తీసుకుంటుందని అప్పటికే అందరికీ తెలుసు. అందరం ఏమీ తెలియనట్టు నటిస్తున్నాం. మొదటి పరీక్ష అదేనేమో.

నలుగురిలో ఇద్దరు మగపిల్లలు, ఒరియా ఒకరు, హిందీ ఒకరు. ఆడవాళ్ళలో నేను కాక మేదినీపూర్ అమ్మాయి శిఖ. నవ్వితే రెండు చెంపలా సొట్టలు. మొదటి అరగంటలోనే నా పక్కన చేరి, పెట్టెలోంచి ఖర్జూరపు బెల్లం తీసి పెట్టింది. చలికాలం వస్తే వాళ్ళకు ఈ బెల్లం మీదే ధ్యాస. మనకు తాటిబెల్లం ఎలాగో అలా, కాకపోతే దీనికి కొంచెం పొగ వాసన. ఇంత మంచి పిల్లతో పోటీ ఏమిటా అని తింటూనే బాధపడ్డాను.

నీలిమా దీదీ మా నలుగురిచేతా తలో సన్నివేశం చేయించింది. భాష ఏదైనా ఫరవాలేదంది. నేను ఉప్పు కరిగే సన్నివేశమే చేశాను, రైల్లో చెప్పిన గొంతుతోనే. అయ్యాక ఆవిడ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

"పార్బొతీ," అంది. ఆ ఊళ్ళో నన్నందరూ అలాగే పిలిచారు. "నాకు తెలుగు రాదు. కానీ నువ్వు మాట్లాడుతుంటే పక్కన ఎవరో నిలబడి అందిస్తున్నట్టుంది. ఎవరది?"

నా వచ్చీరాని హిందీలో మద్రాసు సంగతి చెప్పాను.

"ఆ అమ్మాయి బాగా చెప్పిందా?"

"చాలా బాగా చెప్పింది దీదీ."

"అదే చిక్కు," అంది. "బాగా చెప్పకపోతే నువ్వెప్పుడో వదిలేసేదానివి." వెంటనే ఒరియా అబ్బాయిని లేవమంది.

ప్రేమ్ బజార్‌లో ఎగ్ రోల్

మధ్యాహ్నం మమ్మల్ని తిండికి తీసుకెళ్ళినవాడు కిరణ్. బెజవాడ కుర్రాడు, అక్కడ ఇంజనీరింగు చదువుతున్నాడు. పండుగలో సాయానికి వచ్చాడు. ప్రేమ్ బజార్ మొత్తం వాళ్ళ కాలేజీ పిల్లలదే. ఎక్కడ చూసినా సైకిళ్ళు, జిరాక్సు కొట్లు, ఆకలి. పెనం మీద గుడ్డు కొట్టి, దాని మీద పరోటా వేసి, ఉల్లిపాయలతో చుట్టి కాగితంలో ఇస్తారు. మా ఊళ్ళో మిరపకాయ బజ్జీలకు పెట్టే డబ్బుతో ఇక్కడ పూటకి సరిపడా తిండి.

తింటూ తింటూ కిరణ్, "సినిమా ముందే చూశానండి, మొన్న సొసైటీ వాళ్ళు వేసుకున్నప్పుడు. ఏం మాట్లాడారండీ! కంచు గంట," అన్నాడు.

నేను ఆకలి మీద మైమరిచి, "ఇంకోటి కావాలేటి నీకు? మొకమాటపడకు," అన్నాను.

అతను నమలడం ఆపేశాడు. "అదేంటండీ, బయట ఇలా మాట్లాడతారా?" అన్నాడు. పాపం, మనసులో ఏమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. నేను సిగ్గుపడి, ఆ తర్వాత రోజంతా అతనితో పాఠ్యపుస్తకంలా మాట్లాడాను. శిఖకు తెలుగు రాకపోయినా నా మొహం చూసి ఏదో అర్థమై, తన రోల్‌లో సగం విరిచి నా చేతిలో పెట్టింది.

ఆదివారం, గోల్‌బజార్

ఆదివారం సాయంత్రం నా సినిమా. పొద్దున్న ఎస్తేరమ్మ గారు చర్చి నుంచి వస్తూ నన్ను గోల్‌బజార్ తీసుకెళ్ళింది. బెంగాల్లో చేపలు కొనేది మగవాళ్ళు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుడ్డసంచీ పట్టుకుని, చేప మొప్పలెత్తి డాక్టర్లలా పరీక్షిస్తారు. మా ఊళ్ళో ఆ పని ఆడవాళ్ళది. మగవాళ్ళు తినేటప్పుడు మాత్రం ముల్లుందని తప్పులెన్నుతారు. ఎస్తేరమ్మ గారు ఆ మగవాళ్ళ మధ్యలోకి చొచ్చుకెళ్ళి, "ఏటి దాదా, నిన్నటి సేప నాకంటగడతావా?" అని అడిగింది. అతనికి తెలుగు రాదు, అయినా తీసి మంచి చేపే ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఆవిడ పులుసు పెడుతుంటే నేను పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. సగం మన చింతపండు, సగం వాళ్ళ ఆవముద్ద. వాసనకే కడుపు నిండింది.

"అందరికీ సెప్పీసినాను," అంది. "సర్చి కాడ ఒక్కరినీ వదల్లేదు. మా ఖరిదా గుంటలు, ముసలోల్లు, అందరూ ఒత్తారు. తెలుగు సినిమా సూసి ఎన్నాళ్ళయింది! నువ్వు సెప్పిన మాటలు కొన్ని సెప్పవే ఇందాం."

"ఆ సినిమాలో నా గొంతు లేదండి," అన్నాను. ఎందుకో ఆవిడకు ముందే చెప్పాలనిపించింది.

గరిటె ఆగింది. "మరెవులిది?"

చెప్పాను.

ఆవిడ పులుసులో ఉప్పు చూసి, "పోన్లే. బొమ్మైనా నీదే గదా," అంది. ఓదార్పే. కానీ ఆవిడ మొహం చిన్నబోయింది. 

బొమ్మ ఉంది, మాట లేదు

హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో సొసైటీ పెద్దలు, నీలిమా దీదీ. వెనకంతా మనవాళ్ళు. చంటిపిల్లలు, శాలువాలు, వేయించిన శనగల పొట్లాలు. నేను పక్క గోడవారగా నిలబడ్డాను. ఇంతమంది మా మాట మాట్లాడేవాళ్ళు వచ్చి ఆ రేడియో గొంతు వింటారే అని లోపల గుబులు.

సినిమా మొదలైంది. పేర్లు పడ్డాయి, సముద్రం వచ్చింది, నేను తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాను. ఇంతలో టక్కుమని ఒక చప్పుడు. శబ్దం పోయింది. తెర మీద నేను నోరు తెరుస్తున్నాను, మూస్తున్నాను. హాలంతా ఈలలు. "సౌండు! సౌండు!"

కిరణ్ పరుగెత్తుకెళ్ళి వచ్చాడు. ప్రొజెక్టరులో శబ్దాన్ని చదివే చిన్న దీపం ఒకటుంటుందట, అది మాడిపోయింది. ఇంకొకటి తేవాలంటే బజారు దాకా వెళ్ళాలి. తర్వాత అదే హాల్లో మరో సినిమా ఉంది, అంతసేపు ఆపడానికి వీల్లేదు. సొసైటీ పెద్దాయన చేతులు నలుపుకుంటూ, మిగతాది రద్దు చేద్దామన్నాడు. వెనక వరుసల వాళ్ళు అప్పుడే పిల్లల్ని చంకనేసుకుంటున్నారు.

నీలిమా దీదీ లేచింది. "బొమ్మ ఆడుతూనే ఉందిగా. ఆడనివ్వండి. దీపానికి ఎవరినైనా పంపండి," అని నా వైపు తిరిగి, ప్రకటనలకని పెట్టిన మైకు చూపించింది. "వెళ్ళు."

"నేనా? అందరి మాటలూనా?"

"నీకు రావా?"

వచ్చు. నెల్లాళ్ళు ఎండలో నిలబడి విన్నవే గదా. వెళ్ళి తెర పక్కన నిలబడ్డాను. మైకు చేతిలోకి తీసుకున్నాను.

నరసమ్మ మేస్త్రీని కూలి అడిగే చోట, మద్రాసు ఆవిడ చెప్పినట్టే మొదలుపెట్టాను. "ఏమండీ బావగారూ, కూలి ఎప్పుడిస్తారు?" తెర మీద నా నోరు అప్పటికే మూసుకుపోయింది, నేనింకా మాట్లాడుతున్నాను. హాలు గొల్లుమంది. ఇంకో మాట, ఇంకో నవ్వు. చెవులు వేడెక్కాయి. మైకు వదిలేసి పారిపోదామని తల తిప్పితే, ఎదురుగా అంత పెద్ద నా మొహం. పెదాలు మళ్ళీ కూలే అడుగుతున్నాయి. చూశాను. అవి "ఏమండీ" అనడం లేదు. నౌపడాలో ఆ రోజు నేనన్నదే అంటున్నాయి. ఇంక ఆలోచించకుండా వాటి వెంట వెళ్ళాను.

"ఏటి బావా, అలగ సూత్తన్నావు? కూలెప్పుడిత్తావు?"

అతికినట్టు సరిపోయింది.

నవ్వు ఆగింది. ఎస్తేరమ్మ గారి గొంతు ఒక్కటే వినపడింది. "అదీ! సెప్పీ!"

చెప్పాను. నరసమ్మకూ చెప్పాను, అత్తకూ చెప్పాను, గొంతు బొంగురు చేసి మొగుడికీ చెప్పాను. మొగుడి గొంతు విన్న ప్రతిసారీ నవ్వులే, నాకూ నవ్వొచ్చింది. ఒక పాట వచ్చింది. అప్పుడు మాత్రం నోరు మూసుకున్నాను. నేను పాడితే హాలు ఖాళీ అయ్యేది.

ఉప్పు కరిగే సన్నివేశం వచ్చింది. వాన పడుతోంది, మొగుడు సంచీ సర్దుకుంటున్నాడు. నేను తెర వైపు చూడ్డం కూడా మానేశాను.

"ఉప్పంతా వానకి కరిగిపోనాది. నీకేటి, మళ్ళీ బండెక్కి ఎల్లిపోతావు. నాను మాత్తరం ఈ మడిలోనే నిలబడాల."

ఎవరూ నవ్వలేదు. శనగల పొట్లం చప్పుడు కూడా లేదు. అక్కడున్న వాళ్ళలో బండెక్కి వచ్చిన తాతల మనవలు ఎందరో. వెనక మడిలో నిలబడిపోయిన వాళ్ళ సంగతి వాళ్ళిళ్ళలో ఎవరైనా చెప్పుకున్నారో లేదో.

అంతలో కొత్త దీపం వచ్చింది. హఠాత్తుగా స్పీకర్లలోంచి ఆ చక్కటి గొంతు, "నన్ను మరిచిపోకండి" అంది. మైకు దించి పక్కకు జరిగాను. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఆపండి!" అని ఒక ముసలాయన లేచాడు. "సౌండు తీసీయండి! ఆ గుంటే సెప్పాల!"

వెనక వరుసలన్నీ అందుకున్నాయి. "తీసీయండి! బంద్ కరో!" ప్రొజెక్టరు గదిలోంచి ఆపరేటరు దాదా తల బయటపెట్టి, బజారు దాకా పంపి తెప్పించిన దీపం ఇందుకేనా అన్నట్టు చూసి, విసుగ్గా సౌండు కట్టేశాడు. ఆ చప్పట్ల మధ్య మళ్ళీ మైకు ఎత్తాను. చివరి దాకా నేనే చెప్పాను.

బయట ఎస్తేరమ్మ గారు నన్ను ముద్దులాడి, "మా అమ్మ ఇలగే మాట్లాడేది," అని ముక్కు చీదుకుంది. కిరణ్ వచ్చి వినయంగా, "మేడమ్, పోనాది అంటే పోయింది అనేనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే నా సైకిలు గాలి పోనాదండి, నేను నడిచి వెళ్తాను," అన్నాడు.

సోమవారం

పొద్దున్న హాల్లో నీలిమా దీదీ పేరు చదివింది. శిఖ.

చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను, పిల్ల బంగారం. కానీ రాత్రి నుంచి కట్టుకున్న మేడ కూలింది. వరండా మెట్ల మీదికొచ్చి కూర్చున్నాను. అంతమంది చప్పట్లు కొట్టాక కూడా చాలదా, ఇంకేం చెయ్యాలి అని ఉక్రోషం. కాసేపటికి దీదీ రెండు ముంతల్లో టీ తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"నీకే ఇవ్వాలనుకున్నాను, నిన్న," అంది.

"మరి?"

"నా సినిమా బెంగాలీలో. నీకు భాష రాదు. తీసుకుంటే నీకు వేరే గొంతు పెట్టించాలి." టీ ఊదుకుంది. "నిన్న చూశాక నేనా పని చెయ్యలేను పార్బొతీ."

కోపం పోలేదు గానీ, ఎటు విసరాలో తెలియకుండా పోయింది. "నేర్చుకుంటే?" అన్నాను.

"ఎన్నాళ్ళు?"

"మీ తర్వాతి సినిమా దాకా."

నవ్వింది. "నేర్చుకో. నేర్చుకున్నా మాటలో మీ ఊరే వినపడుతుందేమో."

"ఇనబడితే ఏటి?" అన్నాను.

తెలుగులోనే అన్నాను, అనుకోకుండా. ఆవిడకు ఒక్క ముక్క తెలియదు. అయినా తల వెనక్కి వేసి, మెట్ల మీద అందరూ తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. నా భుజం మీద ఒకటి వేసి, "వచ్చేటప్పుడు ఈ మాట మాత్రం మర్చిపోకు," అంది.

ఇంటి దగ్గర

స్టేషనులో మా ఆయన ఎలా జరిగిందని అడిగాడు. వేషం రాలేదు అన్నాను. పాపం, ఇంటి దాకా నన్ను నవ్వించాలని చూశాడు. అన్నం తిన్నాక ఆదివారం సంగతి చెప్తే, చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి విన్నాడు.

పోయిన వారం మద్రాసు మనిషి ఒకాయన వచ్చాడు, చిన్న వేషం, మూడు సన్నివేశాలని. మాట నేనే చెప్పుకుంటానంటే ఒప్పుకుంటానన్నాను. అడిగి చెప్తానని కాఫీ తాగి వెళ్ళాడు. ఇప్పటిదాకా కబురు లేదు. రాకపోవచ్చు కూడా. ఎస్తేరమ్మ గారు మాత్రం తెలిసినవాళ్ళ చేత బెంగాలీ వాచకం పంపించింది. తీగ మీద ఆరేసిన బట్టల్లా పై గీతకు వేలాడే అక్షరాలు. రోజూ స్కూలు నుంచి వచ్చాక వరండాలో కూర్చుని పైకి చదువుతున్నాను. పక్కింటి వాళ్ళు వచ్చి, ఏ భాషమ్మా అది, అచ్చం మన మాటలాగే ఉందే అంటున్నారు.